ఇంట్లో ఎవరుండేవారు?



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన రెవెన్యూలో పనిచేశారు. తుపాను వెళ్లిన మర్నాడే నష్టపరిహారం జాబితాలు రాయాల్సిన ఉద్యోగం. ఇల్లు ఎవరి పేరున ఉందంటే కాగితం చెబుతుంది, ఇంట్లో ఎవరుండేవారంటే మాత్రం గుమ్మం ముందు నిలబడి అడగాల్సిందే అనేవారు. ఆయనెన్నడూ చూడని ఒక ఊరి కథ ఈరోజు చెబుతాను. ఆ మాట అక్కడా అతికినట్టే ఉంటుంది.

2006 జనవరి 11న అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ జనం పొద్దున్నే పేపరు విప్పితే నగర పటం కనిపించింది. మునిగిన పేటల్లో కొన్నింటి మీద పెద్ద ఆకుపచ్చ చుక్కలున్నాయి. అవి పార్కులకు, ఖాళీ జాగాలకు పనికొచ్చే చోట్లట. అంతకు నాలుగున్నర నెలల ముందు, 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చి నగరంలో 80 శాతం నీట మునిగింది. దీన్ని ప్రకృతి వైపరీత్యం అనడానికి నాకు నోరు రాదు. తుపాను ప్రకృతిదే. కానీ వరదను ఆపాల్సిన కాలువ గోడలు కూలింది డిజైను లోపాల వల్ల. వాటిని కట్టిన సైనిక ఇంజనీర్లే మరుసటి ఏడాది ఆ మాట ఒప్పుకున్నారు.

ఆ పటం వెనక ఉన్నది నగర పునర్నిర్మాణానికి మేయరు నియమించిన కమిషను. అది ఒక షరతూ పెట్టింది. మునిగిన పేటలు తమకు బతికే సత్తా ఉందని నాలుగు నెలల్లో నిరూపించుకోవాలి, అప్పటిదాకా ఇళ్లు కట్టుకునే అనుమతులు ఆపాలి. వేరే ఊళ్లకు చెల్లాచెదురైన మనుషులు తమ పేట బతికే ఉందని ఎలా రుజువు చేస్తారు? ఎన్నికలు దగ్గరపడటంతో కొద్ది వారాలకే మేయరు దీన్నుంచి చేతులు దులుపుకున్నారు. చుక్క మాత్రం జనం మనసులోంచి చెరగలేదు.

బ్రాడ్‌మూర్ చుక్క పడ్డ పేట. పల్లపు నేల, ఒకప్పటి సరస్సు అడుగు. అక్కడివాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. వీధి వీధికీ కమిటీలు వేసుకున్నారు, ఎవరు తిరిగొచ్చారో, ఎవరొస్తామంటున్నారో ఇంటింటి లెక్క రాసుకున్నారు. హార్వర్డ్ విద్యార్థుల్ని తోడు తెచ్చుకున్నారు. 2006 వేసవికల్లా సొంత ప్రణాళిక చేతికొచ్చింది. తమ బడిని మళ్లీ తెరిపించుకున్నారు, గ్రంథాలయాన్ని 2012లో నిలబెట్టుకున్నారు. ఆ పేట సంఘానికి అప్పుడు అధ్యక్షురాలిగా ఉన్న లటోయా కాంట్రెల్ 2018లో ఆ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు.

సంఘం పూనుకుంటే ఊరు లేస్తుందనడానికి ఈ ఉదాహరణ చాలామంది చెబుతారు. నేను అక్కడ ఆగను. బ్రాడ్‌మూర్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఉండేవారు. వకీళ్లున్నారు, పలుకుబడి ఉన్నవాళ్లున్నారు. మునిగిన మరో పేట లోయర్ నైంత్ వార్డు. 1923లో పూర్తయిన పారిశ్రామిక కాలువ దాన్ని నగరం నుంచి విడదీసింది. అక్కడివారికి ఇలాంటి అండ ఎక్కడిది? ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టి, తప్పినవాడిదే తప్పనడం న్యాయం అనిపించుకోదు.

ఇంతకీ సంఘమంటే ఎవరు? 2006 అక్టోబరులో నగరమంతటికీ కలిపి ఒక ప్రణాళిక కోసం పెద్ద సభ పెట్టారు. దాదాపు 300 మంది వచ్చారు. వాళ్లలో నాలుగింట మూడొంతులు తెల్లవాళ్లు. కత్రినాకు ముందు ఆ నగరంలో మూడింట రెండొంతులు నల్లవాళ్లే! అలాగని ఎవరినీ గుమ్మం దగ్గర ఆపలేదు, తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. రావలసినవాళ్లు హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో అద్దె గదుల్లో ఉన్నారు, అంతే. నిర్వాహకులకు తప్పు తెలిసొచ్చింది. డిసెంబరు 2న రెండో సభను న్యూ ఓర్లీన్స్‌తో పాటు బేటన్ రూజ్, హ్యూస్టన్, డల్లాస్, అట్లాంటాల్లో ఒకేసారి జరిపి, తెరల మీద కలిపారు. దాదాపు 2,500 మంది కూర్చున్నారు, ఈసారి ఎక్కువమంది నల్లవాళ్లు. ఊరు ఎక్కడుంటే సభ అక్కడికే వెళ్లాలన్న ఇంగితం రావడానికి ఏడాది పైన పట్టింది.

సభలో మాట దొరికినంత మాత్రాన డబ్బు దొరకదు. ఇళ్ల యజమానులకు సాయమిచ్చే పథకం పేరు ‘రోడ్ హోమ్’, అంటే ఇంటిదారి. ఇంటికి గరిష్ఠంగా లక్షా 50 వేల డాలర్లు. లెక్క ఇలా కట్టారు: తుపానుకు ముందు ఇంటి విలువ ఎంత, బాగుచేయడానికి ఎంత, రెండిట్లో తక్కువది తీసుకుని, అందులోంచి బీమా వగైరా మినహాయించాలి. చూడ్డానికి ఎంత నిష్పక్షపాతంగా ఉంది! కానీ ఇటుకలూ సిమెంటూ కూలీ అందరికీ ఒకటే ధర. ఇంటి విలువ అలా కాదు, నల్లవాళ్ల పేటలో ఇల్లంటేనే బజారులో తక్కువ పలుకుతుంది. అలా పాత వివక్ష కొత్త చెక్కు మీద అంకెగా దిగింది. దీని మీద ఇళ్ల యజమానులు 2008లో కోర్టుకెళ్లారు, 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

లోయర్ నైంత్ వార్డులో ఎక్కువమందివి సొంతిళ్లే, కానీ చాలా ఇళ్లు కాలం చేసిన తాతల పేర్ల మీదే ఉండిపోయాయి. పన్ను కట్టింది మనవలు, కాపురం చేసింది మనవలు, దరఖాస్తు దగ్గర మాత్రం హక్కుదారు కాదన్నారు. మన కౌలు రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అద్దెకున్నవాళ్ల సంగతి ఇంకా చిన్న కథ. 2007 డిసెంబరు 20న నగర మండలి ఏకగ్రీవంగా ఓటేసి, నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాల్లో సుమారు 4,500 ఇళ్లను కూల్చడానికి ఒప్పుకుంది. బాగుచేసుకోగలిగిన ఇటుక భవనాలు వాటిలో చాలా ఉన్నాయి. ఆ పూట సభామందిరం గేట్ల బయట జనం మీద పెప్పర్ స్ప్రే కొట్టారు.

మళ్లీ ఇంటిదారి పథకానికే వస్తాను. ఇంటిని ఎత్తు చేసుకోవడానికి విడిగా 30 వేల డాలర్ల దాకా ఇచ్చారు. అసలు సాయం చాలక, ఆ డబ్బు పెట్టి గోడలూ పైకప్పూ బాగుచేసుకున్నవాళ్లున్నారు. షరతు తప్పారని రాష్ట్ర ప్రభుత్వం సుమారు 3,500 మంది మీద దావాలు వేసింది. 2023 ఫిబ్రవరిలో, తుపాను వచ్చిన పదిహేడేళ్లకు, వాటిని వదిలేస్తున్నట్టు ప్రకటించింది.