పెన్నా? పెన్సిలా?

రచయిత ఎదురుపడితే మనం అడిగే మొదటి ప్రశ్న, "మీకు ప్రేరణ ఎవరండీ?" అని. జవాబూ ఆనవాయితీగానే వస్తుంది.

1953లో మొదలైన ‘పారిస్ రివ్యూ’ పత్రిక వేరే దారి పట్టింది. పెన్నా, పెన్సిలా? పొద్దున రాస్తారా, రాత్రా? ఎన్నిసార్లు కొట్టేస్తారు? ఇలా పని గురించే అడిగింది. తొలి సంచికలో ఇంగ్లిష్ నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్‌ని పలకరించారు. అచ్చుకు ముందు తమ జవాబుల్ని రచయితలే దిద్దుకోవచ్చు. కొందరికిది గిట్టదు. నాకు మాత్రం సబబే అనిపిస్తుంది. దిద్దుకోవడమూ రాతే కదా!

1958లో అదే పత్రికలో వచ్చిన అమెరికన్ రచయిత హెమింగ్వే సంభాషణ తీసుకోండి. హవానా దగ్గరి ఇంట్లో, పడకగదిలో, పుస్తకాల బీరువా మీద ఛాతీ ఎత్తున టైపురైటరు. నిలబడే రాత. గోడకు ఆనించిన అట్టముక్క మీద ఏ రోజుకారోజు ఎన్ని పదాలు రాశారో లెక్క. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటే ఆ పూటకు ఆపేసేవారట, మర్నాడు తడుముకోకుండా. ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ చివరి పేజీని 39 సార్లు తిరగరాశానన్నారు. కోతలు కోస్తున్నారని అనుకున్నవాళ్లూ ఉంటారు. కానీ 2012లో ఆ నవలను మళ్లీ వేసినప్పుడు చిత్తుప్రతుల్లోంచి 47 ముగింపులు అచ్చువేశారు.