ఏ నేల దేనికి తగును?



నేను ముప్పదియేండ్లు తెలుగు, సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. అట్టివాడు నేలలనుగూర్చి ప్రసంగించుట యేమి యని మీరనవచ్చును. నాకీ యధికారము నా పొరపాటువలన వచ్చినది.

అనంతపురము జిల్లాలో మాకు నాలుగెకరముల మెట్టచేను కలదు. తాతలనాటినుండి దానికి సుద్దచేను అని పేరు. అది "శుద్ధ" శబ్దమునకు తద్భవమని తలచి, నిర్దోషమైన నేల యని మా తమ్మునికి అర్థము చెప్పితిని. పొరుగుచేనిలో బత్తాయి కాసినది గదా, మనకేల కాయదని 1998వ సంవత్సరమున ఇరువురమును తోట వేసితిమి. ఐదేండ్లు చెట్లు పచ్చగా పెరిగినవి. పిమ్మట ఆకులు పాలిపోయి, కొమ్మలు కొనలనుండి ఎండుచు వచ్చినవి. 2006 నాటికి తోట యంతయు పొయ్యిలోని కట్టె యయ్యెను. అప్పు తీర్చుటకై తమ్ముడు చెరువుక్రింది తన మడిని అమ్ముకొనెను. నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు నేటికిని బాధ.

చాల యేండ్ల తరువాత, నాయొద్ద చదువుకొని భూముల సర్వేలో పనిచేయుచున్న శిష్యుడొకడు పటములతో మా యింటికి వచ్చి, నేల యోగ్యతను నిర్ణయించు పద్ధతిని నాకు బోధించెను.

ఉపగ్రహములు నేలనుండి తిరిగివచ్చు వెలుగును రంగులవారీగా విడదీసి కొలుచును. పచ్చని యాకు ఎఱ్ఱని వెలుగును మ్రింగి, మన కంటికి కనబడని పరారుణ మను వెలుగును విరివిగా వెనుకకు పంపును. ఈ రెంటిని పోల్చినచో పైరు బలముగా నున్నదో, వాడినదో తెలియును. చౌడు తేలిన నేల తెల్లగను, తడినేల నల్లగను అగపడును. ప్రయోగదశను దాటి నిత్యవినియోగమునకై మన దేశము నిర్మించిన తొలి దూరసంవేదన ఉపగ్రహము 1988 మార్చి 17వ తేదీన బైకనూరునుండి ఎగిరినది. ఆ వరుసలోని రిసోర్సుశాట్ ఉపగ్రహములందలి లిస్-3 కెమెరా తీయు చిత్రములో ఒక్కొక్క చుక్క నేలపై 23.5 మీటర్ల చదరము. అనగా ఎకరమునకు సుమారు ఏడు చుక్కలు. ఇట్టి చిత్రములను షాద్‌నగరులో అందుకొని సిద్ధపరచునది జాతీయ దూరసంవేదన కేంద్రము.

చిత్ర మొక్కటియే చాలదు. వాలు, మంటి లోతు, మంటి తీరు, నీరింకు గుణము, వాన, భూగర్భజలము, వీనిలో నొక్కొక్కదానికి నొక్కొక్క పటము గీసి, పలుచని కాగితములవలె ఒకదానిపై నొకటి పేర్చి చూతురు. కంప్యూటరుపై ఈ పని జరుపు ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ యందురు.

ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 1976లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, నేలను ఊరక మంచిది, చెడ్డది అనరాదు. "దేనికి?" అని యడుగవలెను. ఒక్కొక్క పంటకు విడివిడిగా మిక్కిలి తగినది, మధ్యమముగా తగినది, కొద్దిగా తగినది అని మూడు తరగతులు. ఇప్పటికి తగనిది, ఎన్నటికిని తగనిది అని రెండు. ఐదు గుణములు బాగుండి ఆరవదానియందు పెద్దలోపమున్నచో, ఆ లోపమునుబట్టియే తరగతిని నిర్ణయించుట వాడుక. కడవ యెంత పెద్దదైనను నీరు చిల్లివరకే నిలుచును గదా!

మా చేనికి వాలు తక్కువ, పైమన్ను ఎఱ్ఱనిది. పటములో నది బత్తాయికి మధ్యమముగా తగినదని యుండెను. శిష్యుడు మాత్రము, "అయ్యవారూ, ఆకాశపు కన్ను పైతోలునే చూచును. గుంత త్రవ్వనిదే లోపలి మాట తెలియదు" అని గడ్డపార తెప్పించెను. మోకాటిలోతు దాటగనే తెల్లని పొర తగిలెను. దానిపై ఆమ్లపు చుక్క వేయగా బుసబుస పొంగెను. అది సున్నముతో నిండిన సుద్ద. అందులో బత్తాయివేరు సాగలేదు. ఇనుము అందక ఆకు పాలిపోయినది.

ముప్పదియేండ్లు సుద్దముక్క చేతబట్టి నల్లబల్లపై వ్రాసిన నేను, తాత పెట్టిన పేరులోని సుద్దను గుర్తింపనైతిని. నిఘంటువును చూచితినిగాని నేలను చూడలేదు. నేడు ఆ చేనిలో మా తమ్ముని కుమారుడు సీతాఫలపు చెట్లు పెంచుచున్నాడు. అవి కాయుచున్నవి.

పెద్దలారా! చౌడుమడి, సుద్దచేను, రాతిచేను, ఊటకయ్య యను పేర్లలో మన పూర్వులు తమ యెఱుకను దాచిపోయిరి. అవి మీతో పోకుండ, పటములతో వచ్చు పిల్లలకు చెప్పుడు. వారు చూపు పటమును త్రోసిపుచ్చకుడు. పటమున్నది, గుంత యేల యనువానిని నమ్మకుడు. తోటకై అప్పు చేయుటకు ముందే చేనిలో నాలుగుచోట్ల నిలువెడు గుంతలు త్రవ్వించి, పొరపొర మన్నును పరీక్షకు పంపుడు. అందుకగు వ్యయము కొలదిదినముల కూలి. త్రవ్వించనందుకు మా తమ్ముడు ఒక మడి చెల్లించెను.