పాత ఇంటికి కొత్త కిటికీలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కూచిపూడి నృత్యానికీ కవితా పఠనానికీ మధ్య కిటికీల గురించి ఉపన్యాసమేమిటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కాని కార్యదర్శిగారు అన్న మాట నిజమే. ఈ దేశంలో మనవాళ్ళు ఎందరో నూరేళ్ళు దాటిన ఇళ్ళలో కాపురముంటున్నారు. తాతలు కొన్న ఇళ్ళు మనుమల చేతికి వచ్చాయి, వాటితోబాటు కిటికీలూ వచ్చాయి. మా అనుభవం విని మీరు నాలుగు డబ్బులు మిగుల్చుకోగలిగితే మాకు సంతోషం.

మా ఇల్లు దక్షిణ లండనులో 1890లలో కట్టిన వరుస ఇళ్ళలో ఒకటి. మా తాతయ్యగారు 1972లో కొన్నారు. అప్పుడు ఇంటినిండా ఉన్నవి సాష్ కిటికీలు. అంటే మన ఊళ్ళలోలాగా తెరుచుకునే రెక్కలు కావు. పైకీ కిందికీ జారే రెండు చట్రాలు. మన పెద్దలకు ఒక్క మాటలో చెప్పాలంటే ఇది బావి గిలక వ్యవహారమే. చట్రానికి తాడు కట్టి, గిలక మీదుగా పోనిచ్చి, అవతలి కొసకు ఇనుప దిమ్మ వేళ్ళాడదీస్తారు. గిలక పైన కనబడుతుంది, దిమ్మ పక్కనున్న చెక్క పెట్టెలో దాగి ఉంటుంది. పై చట్రానికి కట్టే దిమ్మలు దానికన్నా కాస్త బరువుగా ఉండాలి, అది కిందికి జారకుండా. కింది చట్రానివి కాస్త తేలికగా ఉండాలి, అది మూసుకుని నిలబడేటట్టు. ఈ తూకం కుదిరితే పెద్ద కిటికీని కూడా ముసలివాళ్ళు రెండు వేళ్ళతో ఎత్తవచ్చు.

కాని తాతయ్యగారు కొన్ననాటికి ఆ తూకం ఏనాడో పోయింది. తాళ్ళు తెగి, రంగుపూతల కింద చట్రాలు బిగుసుకుపోయి, సందుల్లోంచి గాలి ఈలలు వేసేది. ఇంటికంతటికీ ఒక పారఫిన్ హీటరు. మా మామ్మగారు వార్తాపత్రికలు మడిచి ఆ సందుల్లో దోపేవారట. 1983లో తాతయ్యగారు అప్పుచేసి ముందు కిటికీలన్నీ తీయించి అల్యూమినియంవి పెట్టించారు. మా వీధిలో సగం ఇళ్ళవారు ఆ రోజుల్లో అదే పని చేశారు. పాత కలపను పోగొట్టారని ఇవాళ మనం పెద్దలను తప్పుపట్టడం సులభం. పసిపిల్లలతో ఆ చలిలో కాపురం చేసినవాళ్ళకు అది వెచ్చదనం, పరువు కూడాను.

నలభై ఏళ్ళకు ఆ అల్యూమినియం పనీ అయిపోయింది. జంట అద్దాల మధ్య మంచు పట్టినట్టు తెల్లబడింది. చలికాలంలో ఇడ్లీ వాయి దించితే చాలు, చట్రాల వెంట నీళ్ళు కారేవి. 2022లో గ్యాసు ధరలు మండిపోయినప్పుడు ఇక మార్చక తప్పదనుకున్నాము. మామ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. ఆవిడకు తొంభై దాటాయి. రోజంతా ముందుగది కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూస్తుంటారు. "మీ తాతయ్య కడుపు కట్టుకుని పెట్టించినవర్రా అవి. మళ్ళీ కర్రవి పెట్టి నన్ను చలిలో కూర్చోబెడతారా?" అన్నారు. దానికి మా దగ్గర సమాధానం లేదు.

ఇక మా తొందరపాటు సంగతి. ఒక కంపెనీవారు వచ్చి, ప్లాస్టిక్ సాష్ కిటికీలు చూపించి, పాతవాటికీ వీటికీ తేడా తెలియదన్నారు. పైగా "మీది పాత ఇల్లు గనుక" అంటూ అద్దాల లోపల తెల్లటి పట్టీలు అడ్డంగా, నిలువుగా పెట్టిస్తామన్నారు. బయానా ఇచ్చేశాము. తరువాత కౌన్సిలును అడిగితే తేలిందేమంటే, మా వీధి సంరక్షిత ప్రాంతంలో ఉన్నది. అటువంటి ప్రాంతాలు ఏర్పరిచే వీలు 1967 నాటి చట్టంతో కలిగింది. అందులోనూ మా వీధికి ఆర్టికల్ 4 ఆదేశం కూడా ఉన్నది గనుక ముందువైపు కిటికీ మార్చాలంటే అనుమతి కావాలి. ప్లాస్టిక్‌కు అనుమతి రాలేదు. బయానాలో సగం తిరిగి రాలేదు. కనుక ముందు కౌన్సిలు, తరువాత కంపెనీ. మీ ఇల్లు లిస్టెడ్ కట్టడమైతే మరీ జాగ్రత్త. అనుమతి లేకుండా మార్చడం నేరమే అవుతుంది.

ఆ పట్టీల గురించి కొంచెం చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. జార్జియన్ కాలంలో, అంటే 1830లకు ముందు, పెద్ద అద్దం చేయడం కష్టం. అందుచేత పైన ఆరు, కింద ఆరు చిన్న అద్దాలు, వాటి మధ్య సన్నటి చెక్క పట్టీలు. 1845లో అద్దాల మీద సుంకమూ, 1851లో కిటికీల పన్నూ పోయాయి. పెద్ద అద్దాలు చౌకయ్యాయి. విక్టోరియా కాలం చివరి ఇళ్ళలో పైన రెండు, కింద రెండు, లేదా ఒక్కొక్కటే. పట్టీలు తగ్గి అద్దం బరువెక్కేసరికి పై చట్రపు మూలలు ఊడిరాకుండా పక్క కర్రలను కిందికి కాస్త పొడిగించి, అందంగా చెక్కి వదిలేశారు. వాటినే కొమ్ములు అంటారు. జార్జియన్ కిటికీకి కొమ్ములు ఉండవు, మా ఇంటివంటి దానికి ఉండాలి. ఆ కంపెనీవారు మా విక్టోరియన్ ఇంటికి జార్జియన్ పట్టీలు అమ్మబోయారన్నమాట! పంచెకట్టు మీద టై కట్టినట్టు.

మరి అసలు కిటికీ ఎట్లా ఉండేది? పక్కింటివారివీ ప్లాస్టిక్ కిటికీలే. కౌన్సిలువారు ఆధారం చూపించమన్నారు. అప్పుడు మామ్మగారే లేచి, పెట్టె తీసి ఒక ఫొటో ఇచ్చారు. 1972 గృహప్రవేశం నాటిది. తోరణం కింద తాతయ్యగారు, మామ్మగారు, చంకలో మా నాన్నగారు. వెనుక స్పష్టంగా ముందుగది కిటికీ. నడిమి కిటికీకి పైన రెండు కింద రెండు అద్దాలు, పక్కవాటికి ఒక్కొక్కటి, కొమ్ములతో సహా. మామామిడాకులు దొరక్క తోరణానికి ఏ ఆకులు కట్టారో ఆవిడ ఆ రోజంతా చెబుతూనే ఉన్నారు. కిటికీ మాట మేము మళ్ళీ ఎత్తలేదు. మరునాడు ఆవిడే అడిగారు: "ఇట్లాగే చేస్తారా? చలి రాదు గదా?"

ఆ చలి సంగతి చూడటానికి మాకు ఏడాది పట్టింది. మామూలు జంట అద్దం సుమారు 24 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే పట్టీలూ చట్రమూ లావెక్కి, దూరంనుంచే కొత్తదని తెలిసిపోతుంది. 12, 14 మిల్లీమీటర్ల సన్నటి జంట అద్దాలు దొరుకుతాయి. గాలి తీసేసిన వాక్యూమ్ అద్దాలైతే ఇంకా పలుచన, ధర మాత్రం ఆకాశంలో. మేము సన్నవి తీసుకున్నాము. జంట అద్దం బరువు గనుక పాత కొలత ఇనుప దిమ్మలు చాలవు, లావుపాటివి పెట్టెలో పట్టవు. అందుకని సీసపు దిమ్మలు వాడారు. దిమ్మలకు బదులు స్ప్రింగు పెట్టే కిటికీలు కూడా ఉన్నాయి, కాని వాటికి గిలకా తాడూ ఉండవు. చట్రాల అంచుల్లో కుచ్చు పట్టీలు దూర్చారు. గాలిని ఆపేది ముఖ్యంగా అవే. నేలకు 800 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉన్న అద్దం పగిలినా గాయపడనిది అయి ఉండాలి. ముందుగది కిటికీ కిందికంటా ఉంటుంది గనుక అదీ చూసుకున్నాము. పని అయ్యాక ఇచ్చిన నిబంధనల పత్రం జాగ్రత్తచేసుకోండి, ఇల్లు అమ్మేనాడు అడుగుతారు.

ఖర్చు ప్లాస్టిక్‌కు రెండింతలు దాటింది. ఆ ఏడు ఇండియా ప్రయాణం మానుకున్నాము.

ఇంతకూ ఇల్లంతా మార్చలేదు. మెట్ల దగ్గరా, వెనుక గదిలోనూ పాత సాష్ కిటికీలు ఇంకా మిగిలి ఉన్నాయి. కొత్తవి చేయిద్దామంటే వడ్రంగి వాటి కలపను గోటితో గిల్లి చూసి, "ఈ కలప ఇప్పుడు మీకు దొరకదు" అన్నాడు. కుళ్ళింది కింది కర్ర ఒక్కటే. అది మార్చి, తాళ్ళు కొత్తవి వేసి, లోపలివైపు రెండవ అద్దం అమర్చాడు. అట్లా చేస్తే ఆ కిటికీ గుండా పోయే వేడి సుమారు 60 శాతం తగ్గుతుందని పరీక్షలలో తేలింది. ఆ పాత అద్దంలో కొంచెం అల ఉంటుంది. పెరట్లో చెట్టు దానిలోంచి వంకరగా కనబడుతుంది. కొత్త అద్దంతో ఆ అల రాదు. పాత రంగులో సీసం ఉంటుంది గనుక పొడి కాగితంతో గీకకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

2024 అక్టోబరులో ముందుగది కిటికీలు బిగించారు. మొదటిరోజు మామ్మగారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. కాసేపటికి శాలువా తీసి, కింది చట్రాన్ని తానే ఎత్తి, వీధిలో పోతున్న పోస్టుమనిషిని పలకరించారు. చలిగాలి అంతా లోపలికి వచ్చింది. మేమేమీ అనలేదు.

భోజనాల హాలు బయట బల్లమీద మా పాత కిటికీ గిలక, తాడు, ఇనుప దిమ్మ, ఒక కొమ్ము ముక్క పెట్టాము. ఆ ఫొటో కూడా ఉన్నది. చూసి వెళ్ళండి. దిమ్మ బరువుగా ఉంటుంది, పిల్లల కాళ్ళ మీద పడకుండా ఎవరైనా పెద్దవాళ్ళు దగ్గరుండండి.