వాయిదా తప్పిన అప్పీలు

అప్పీలు కొట్టివేసిరని వినగానే, అందులో పస లేదు కాబోలునని లోకము తలచును. కాని ట్రిబ్యునళ్లలో కొట్టుపడిన కొన్ని అప్పీళ్ల వాదమును ఎవరును వినియే యుండరు. అప్పీలుదారు వాయిదానాడు రాలేదు. దాఖలు చేయుమన్న కాగితములు దాఖలు కాలేదు. అంతటితో వ్యవహారము ముగిసినది. ఇది న్యాయమేనా?

ఆదాయపు పన్ను అప్పిలేటు ట్రిబ్యునలు విషయమున ఈ ప్రశ్న సుప్రీముకోర్టు దాక వెళ్లినది. 1941లో ఏర్పడిన ఆ ట్రిబ్యునలుకు 1946లో నియమావళి వచ్చినది. అప్పీలుదారు గైరుహాజరైనచో అప్పీలును కొట్టివేయవచ్చునని అందలి 24వ నియమము. అట్లు కొట్టివేసిన యొక అప్పీలులో ఆ నియమము చెల్లదని మద్రాసు హైకోర్టు చెప్పగా, 1969లో సుప్రీముకోర్టు ఆ తీర్పును ఖాయపరచెను. ఉభయపక్షములకును చెప్పుకొను అవకాశమిచ్చి, అప్పీలుపై తగిన ఉత్తరువు చేయవలెనని 1922 నాటి చట్టము నిర్దేశించినది. అనగా అందలి మంచిచెడ్డలను తూచి చెప్పవలెను. పైగా, చట్టమునకు సంబంధించిన ప్రశ్న హైకోర్టుకు పోవలెనన్నను, ముందు ట్రిబ్యునలు నిర్ణయము చేసి యుండవలెను. నిర్ణయమే లేనిచో పైమెట్టు కూడ మూసికొనిపోవును. చట్టము ఇచ్చిన హక్కును నియమము హరింపజాలదు.

సివిలు కోర్టులలో పద్ధతి వేరు. అక్కడ అప్పీలుదారు రానిచో అప్పీలును కొట్టివేయవచ్చును. కాని అతడు లేనప్పుడు గుణదోషములపై తీర్పు చెప్పి కొట్టివేయరాదని 1976లో సివిలు ప్రొసీజరు కోడును సవరించిరి. తగిన కారణము చూపి, 30 దినములలోగా అప్పీలును తిరిగి చేర్చుకొనుమని కోరవచ్చును. దారులు వేరైనను, వినకుండ ఎవరి హక్కును తుడిచివేయరాదన్నదే రెండింటి ఆశయము.

1955లో కోటా ఎన్నికల ట్రిబ్యునలు వ్యవహారమునందు న్యాయమూర్తి వివియన్ బోసు ఈ సంగతినే విశదపరచెను. కొన్ని వాయిదాలకు రాని కక్షిదారు తరువాత వచ్చినప్పుడు, అతని న్యాయవాదిని విచారణలో పాల్గొననీయలేదు. అది తప్పని సుప్రీముకోర్టు నిర్ణయించెను. విచారణ పద్ధతి న్యాయమునకు తోడ్పడుటకే గాని, మనుష్యులను శిక్షించుటకు గాదని ఆ తీర్పు సారాంశము.

ఇట్లని నిర్లక్ష్యమునకు అనుమతి దొరికినట్లు భావింపరాదు. పన్నుల ట్రిబ్యునలులో అప్పీలుదారు రానప్పుడు ఎదిరిపక్షమును మాత్రమే విని తీర్పు చెప్పవచ్చును. అప్పుడు మన లెక్కలు, మన రసీదులు మన పెట్టెలోనే యుండిపోవును. కాగితముల నకళ్లు ముందుగా ఇమ్మనుట అధికారుల చాదస్తము కాదు. ఎదిరివాడు సమాధానము సిద్ధపరచుకొనుటకే. అతనికిని కాలము విలువైనదే.

కావున అప్పీలు వేసినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ఇల్లు మారినచో క్రొత్త చిరునామాను వెంటనే వ్రాతమూలకముగ తెలుపవలెను. నోటీసులోని తేదీని, దాఖలు చేయవలసిన పత్రముల జాబితాను, గడువును న్యాయవాదికి మాత్రమే విడిచిపెట్టక, ఇంటివారును గుర్తుంచుకొనవలెను. జబ్బు చేసినను, పత్రము దొరకకున్నను, గడువు దాటకముందే కారణము తెలిపి వ్యవధి కోరవలెను. ఒకవేళ అప్పీలు కొట్టివేసినచో, ఏ కారణమున కొట్టివేసిరో ఉత్తరువు చదివించుకొని తెలిసికొనవలెను. గైరుహాజరు వలన పోయినదైనచో పునరుద్ధరణకు దరఖాస్తు చేయుటలో ఆలసింపరాదు. కారణము ఎంత సత్యమైనదైనను, ఆలస్యమైనకొలది దానిని నమ్మించుట కష్టమగును.