ఆఫ్‌బ్రేక్: వేళ్లకు పట్టుబడే విద్య

కుడిచేతి బౌలర్ వేసిన బంతి నేలను తాకి, కుడిచేతి బ్యాట్స్‌మన్‌ వైపు లోపలికి తిరిగితే దాన్ని ఆఫ్‌బ్రేక్ అంటారు. బేస్‌బాల్‌లో పిచర్ విసిరే కర్వ్‌బాల్‌కూ దీనికీ మూలం ఒక్కటే: చేయి వదిలేటప్పుడు బంతి సుడి తిరగడం. అక్కడ 18.44 మీటర్ల దూరంలో బంతి గాలిలోనే వంగాలి. క్రికెట్‌లో గాలితోపాటు నేల కూడా బౌలర్‌కు సాయం వస్తుంది.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ విద్యకు తొలిబడి గల్లీ. అక్కడ ఆడేది టెన్నిస్ బంతితో. దాని బరువు 60 గ్రాముల లోపే. పైన నూగు ఉంటుంది కాబట్టి చిన్నపిల్లల వేళ్లకు కూడా ఇట్టే పడుతుంది. హైకోర్టు దగ్గరి కులీకుతుబ్‌షా స్టేడియం లాంటి చోట తోలుబంతి పట్టినప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. అది 156 నుంచి 163 గ్రాములుంటుంది. గల్లీలో గిర్రున తిప్పిన కుర్రవాడే ఇక్కడ తిన్నగా వేస్తాడు. వేళ్లలో బలం చాలదు మరి.

కుట్టు అడ్డంగా ఉండేలా బంతిని పట్టాలి. చూపుడువేలు, మధ్యవేలు బాగా ఎడంగా, పై కణుపులు కుట్టును ఆనుకుని ఉండాలి. అరచేతికి బంతి తగలకూడదు. వదిలేటప్పుడు చూపుడువేలు కుట్టును గట్టిగా లాగుతుంది. మణికట్టు గుండ్రటి తలుపు పిడిని కుడికి తిప్పినట్టు తిరుగుతుంది. మొదట్లో ఆ వేలి పక్క చర్మం ఒరుసుకుపోయి మండుతుంది. సాధన సాగేకొద్దీ అక్కడ కాయ కాస్తుంది.

చాలామంది నేలమీది మలుపు కోసమే తొందరపడతారు. అది పొరపాటు. సుడి బలంగా ఉంటే బంతి ముందు గాలిలో స్లిప్స్ వైపు జరుగుతుంది, అనుకున్నదానికన్నా ముందే కిందికి దిగుతుంది, ఆ తర్వాతే లోపలికి తిరుగుతుంది. బ్యాట్స్‌మన్ మోసపోయేది ఎక్కువగా ఆ గాలిలోనే. అందుకే మంచి శిక్షకులు ముందు బంతిని పైకి ఎగరేసి వేయమంటారు, వేగం తర్వాత చూసుకోవచ్చంటారు. ముందుకాలి మీద ఒళ్లు పూర్తిగా తిరగకపోతే వేళ్లెంత కష్టపడినా సుడి సగమే.

ఈ ఊరి ఆఫ్‌స్పిన్‌కు పెద్దదిక్కు గులాం అహ్మద్. 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒకే ఇన్నింగ్స్‌లో 49 పరుగులిచ్చి 7 వికెట్లు పడగొట్టాడు. 1955లో ఫతే మైదాన్‌లో హైదరాబాద్‌కు దక్కిన తొలి టెస్టులో భారత జట్టుకు కెప్టెన్ కూడా ఆయనే. తర్వాత శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102, అర్షద్ అయూబ్ 13 టెస్టుల్లో 41 వికెట్లు సాధించారు. ఎడమచేత్తో బంతిని బయటికి తిప్పిన వెంకటపతిరాజు 93 తీశాడు.

నేర్చుకునేవారు మోచేతిని మొదటినుంచీ గమనించుకోవాలి. బంతి వదిలేలోగా అది 15 డిగ్రీలకు మించి నిటారైతే నిబంధనల ప్రకారం ఆ బౌలింగ్ చెల్లదు. ఎక్కువ తిప్పాలన్న ఆశతో చేయి వంచడం అలవాటైతే, పెద్దయ్యాక మార్చుకోవడం చాలా కష్టం.