సుంకపు రాజమార్గము – ముందుగా అడుగవలసినవి

పంచాయతీ సభ్యులారా!

ఇంగ్లండునందు బర్మింగ్‌హామ్ నగరము చెంత 43 కిలోమీటర్ల ఎం6 టోల్ రహదారి కలదు. సుమారు 90 కోట్ల పౌండ్ల వ్యయమును ఒక ప్రైవేటు కంపెనీయే సమకూర్చినది. అందులో అధిక భాగము బ్యాంకుల అప్పు. 2003 డిసెంబరులో దారి తెరచిరి. 2054 వరకు సుంకమును, రేటు నిర్ణయించు హక్కును కంపెనీవే. (పాత ప్రేమ నవలల గుజ్జును తారులో కలిపిరట!) అయినను అనుకొన్నన్ని బండ్లు రాలేదు, సుంకమునకు వెరచి లారీలు పాతదారినే పట్టినవి.

నష్టము కంపెనీదే గదా యని ఊరకుండరాదు. దారి క్రింద పోయిన పొలము, చెట్టు మరల రావు. అందుకే పని మొదలిడక పూర్వమే, 1994–95లో, అచ్చట బహిరంగ విచారణ జరిపి అభ్యంతరములు వినిరి.

2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి మనదేశమునను కొత్త జాతీయ రహదారులకు సాధారణముగ ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. ఆనాడు మీరు తప్పక వెళ్లి అడుగుడు: రోడ్డు కట్ట మన చెరువు వాగునకు ఎచ్చట అడ్డుపడును? తూము వెడల్పెంత? పశువులు, బడిపిల్లలు దాటు క్రిందిదారి ఏది? కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటి నీరు పోయువారెవరు? మీ అభ్యంతరములను ముందే తీర్మానముగ వ్రాసి, ప్రతిని అధికారికిచ్చి రసీదు తీసికొనుడు.