ప్రకటన ఇవ్వడానికి వచ్చిన దెయ్యం

దెయ్యం సినిమా అనగానే తెల్లచీర, విరబోసిన జుట్టు, కిర్రుమనే తలుపు గుర్తొస్తాయి కదా! 1987లో హాంకాంగ్ దర్శకుడు స్టాన్లీ క్వాన్ తీసిన కాంటనీస్ చిత్రం 'రూజ్'లో ఆ హంగులేవీ లేవు. ఇందులో దెయ్యం తిన్నగా పత్రికాఫీసుకు వచ్చి, ఫలానా మనిషి కోసం ప్రకటన వేయమని అడుగుతుంది.

ఆమె పేరు ఫ్లర్. 1930లలో హాంకాంగ్‌లోని షెక్ టాంగ్ ట్సుయి పేటలో పేరుమోసిన వేశ్య. కలవారి బిడ్డ చాన్ ఆమెను ప్రేమించాడు. ఇంట్లో ససేమిరా అన్నారు. ఇద్దరూ నల్లమందు మింగారు. పరలోకంలో యాభై ఏళ్లకు పైగా ఎదురుచూసినా అతను రాలేదు. వెతుక్కుంటూ ఆమే దిగివచ్చింది. తీరా చూస్తే తనకు తెలిసిన ఊరే లేదు. క్వాన్ అసలు బెంగ ఈ ఊరి గురించేనని నాకనిపిస్తుంది.

కథకు మూలం లిలియన్ లీ నవల. నిర్మాత ఎవరనుకున్నారు? మన కొట్లాటల జాకీ చాన్! ఫ్లర్‌గా అనిటా మూయ్, చాన్‌గా లెస్లీ చ్యూంగ్ నటించారు. కనుబొమ్మ కూడా కదపకుండా దుఃఖాన్ని పలికించిన అనిటాకు తైవాన్ గోల్డెన్ హార్స్ అవార్డు వచ్చింది.

కథలోకి వస్తే, ఫ్లర్ వెతుకుతున్న చాన్ నిజానికి బతికే ఉన్నాడు. ముసలివాడై, స్టూడియోల్లో చిల్లర వేషాలు వేసుకుంటున్నాడు. అయితే నల్లమందు మింగిన ఆ రాత్రి ఫ్లర్ అతనికి తెలియకుండా మద్యంలో నిద్రమాత్రలు కలిపింది. అంటే ఆమె ప్రేమా అనుమానం లేనిది కాదు.

ఆమెకు సాయపడిన పాత్రికేయ ప్రేమజంట ఒకరినొకరు అడుగుతారు, నాకోసం చచ్చిపోతావా అని. ఇద్దరిదీ ఒకటే జవాబు: లేదు.